నోటితో తీసిన ఫోటో

ఈ కాలంలో చంటిపిల్లలు కూడా ఫోన్ నొక్కి పది ఫోటోలు తీసి పారేస్తున్నారు గానీ, 2011 ప్రాంతంలో పదో తరగతి చదివిన నేను ఏడాది పొడవునా కెమెరా ముట్టుకోకుండానే ఫోటోగ్రఫీ చదివాను. మీరు విన్నది నిజమే. ఎల్లారెడ్డిలో మా బడికి వృత్తివిద్య కింద కుట్టుపని, ఫోటోగ్రఫీ వచ్చాయి. "కుట్టుడు నేర్సుకుంటే నీ జాకెట్లన్న నువ్వు కుట్టుకుంటవు. ఫోటోలు తీసి ఏం జేస్తవ్?" అన్నాడు బాపు, అంటే మా నాన్న. నేను మొండికేశాను. "సరే తియ్యి. దాంట్ల ఫెయిలైతే మాత్రం కామారెడ్డి కాలేజి ముచ్చట ఎత్తకు" అని తేల్చేశాడు.

బడిలో ఉన్నదే ఒక్క కెమెరా, రీలు వేసే పాతది. అది బీరువాలో, తాళంచెవి హెడ్మాస్టరు గారి జేబులో. ముట్టుకుంటే పాడవుతుందని ఆయన భయం. అందుకని ఫోటోగ్రఫీ సారు మాచేత అట్టపెట్టెలకు కిటికీలు కోయించి, అందులోంచి చూడమనేవారు. నొక్కడానికి మీట లేదు కదా, "నోటితోని టిక్ అనుండ్రి" అన్నారు. ముప్పై అయిదుగురం కంటికి అట్టలు పెట్టుకుని టిక్కుటిక్కుమంటూ ఆవరణంతా తిరుగుతుంటే, లెక్కల సారు తన క్లాసు కిటికీలు మూసుకునేవారు (ఆయన్ని నేనేమీ అనను). టిక్ అనడం మరిచిపోతే మార్కు కోత. నేను ఒక్కసారీ మరవలేదు.

చివరికి ప్రాక్టికల్ పరీక్ష దగ్గరపడి, బీరువా తెరిచారు. ముప్పై ఆరు ఫోటోల రీలు ఒకటి. తలా ఒక్క ఫోటో, మిగిలింది హెడ్మాస్టరు గారిది. "మనిషి పనిల ఉండాలె. కెమెరా దిక్కు చూసిండా, మార్కుల్లేవ్" అన్నారు సారు. నా వంతు రోజున కెమెరాను తువ్వాలలో చుట్టి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని నాగిరెడ్డిపేట బస్సెక్కాను. పోచారం కాలువ కింద మా పొలంలో యాసంగి నాట్లు పడుతున్నాయి. మా నాయనమ్మ (మేమంతా అవ్వ అంటాం) ముందు వరుసలో వంగి నాటు వేస్తోంది. ఇంతకన్నా పనిలో ఉన్న మనిషి ఎక్కడ దొరుకుతుంది?

కెమెరా బయటికి తీశానో లేదో, పదిమంది ఆడవాళ్ళూ నారుకట్టలు వదిలేసి గట్టెక్కారు. కాలువలో చేతులు కడుక్కున్నారు, కొంగులు సర్దుకున్నారు, పెళ్ళి ఫోటోకు నిలబడ్డట్టు వరుసకట్టారు. నడుమ మా అవ్వ, చేతులు పక్కలకు అతికించుకుని, కళ్ళు పత్తికాయల్లా తెరిచి (రేషన్ కార్డు ఫోటోలో కళ్ళు మూతపడి, మళ్ళీ దిగడానికి ఎల్లారెడ్డికి రెండుసార్లు తిరిగింది. అప్పటినుంచి ఫోటో అంటే రెప్ప వేయదు). "అవ్వా, నన్ను చూడకు. పోయి నాటెయ్యి" అన్నాను. "చూడకుంటే ఫోటోల నేనని ఎట్ల తెలుస్తది?" అంది. "తెల్వకున్నా ఏం కాదే!" అని అరిచాను. "గట్లయితే తీసుడెందుకు? బురద చేతులతోని దిగితే మీ సారు ఏమనుకుంటడు, ఇంట్ల నీళ్లు లేవా అనడా?" అని ఎదురు నన్నే నిలదీసింది.

నాకు ఏడుపొక్కటే తక్కువ. చేతిలో ఉన్నది ఒక్క ఫోటో, దాని వెనక కామారెడ్డి కాలేజీ. చివరికి అబద్ధమాడాను. "అయిపోయింది, తీసిన. ఇగ పోయి పని చేస్కోండ్రి." పాపం, నమ్మి మళ్ళీ మడిలోకి దిగారు. నేను గట్టు చాటున నక్కి కూర్చున్నాను. అవ్వ వంగింది. వేళ్ళ మధ్య నారు, నీళ్ళలో ఆమె నీడ. ఏడాదంతా అట్టపెట్టెలోంచి వెతికిన బొమ్మ ఎదురుగా ఉంది. ఊపిరి బిగబట్టి "టిక్" అన్నాను.

అవును, నోటితో. అదీ గట్టిగా. మీట మీద పెట్టిన వేలు మాత్రం కదల్లేదు. ఆ చప్పుడుకు అవ్వ బురద చేతులతో దిగ్గున లేచి, నావైపు తిరిగి కళ్ళు ఇంతలు చేసింది. ఉలిక్కిపడి అప్పుడు నొక్కాను.

రీలు కామారెడ్డిలో కడిగించారు. పరీక్షకు వచ్చిన సారు నా ఫోటోను అటూ ఇటూ తిప్పి, "ఈమె పనిల ఏడుందమ్మా?" అన్నారు. "ఫోటో దిగే పనిల ఉన్నది సార్" అన్నాను, ఇంకేమీ తోచక. ఆయన నవ్వాపుకోలేక పాసు మార్కులు వేశారు. సరిగ్గా అన్నే, ఒక్కటి ఎక్కువ లేదు. నేను కామారెడ్డి బస్సెక్కాను. అవ్వ మాత్రం "చేతులన్న కడుక్కోనియ్యకపోతివి బిడ్డా" అని ఏళ్ళ తరబడి సాధించింది.

ఇప్పటికీ ఫోన్‌తో ఎవరిని తీయబోయినా వేలికన్నా ముందు నా నోరు "టిక్" అనేస్తుంది. ఎదుటివాళ్ళు ఫక్కుమంటారు, అప్పుడు వేలు నొక్కుతుంది. అందుకే నా ఫోటోల్లో బిగుసుకుని నిలబడ్డవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆ పరీక్ష సారు ఎక్కడైనా కనబడితే ఇవన్నీ చూపించాలి, రెండు మార్కులేమైనా కలుపుతారేమో.