మంత్రి తేదీ కోసం ఆగిన నలభై ఎనిమిది ఇళ్లు

తెలంగాణ వచ్చిన మూడో ఏడాది, ఎండాకాలం చివర్లో నన్ను నల్గొండ నుంచి మహబూబ్‌నగర్‌కు బదిలీ చేశారు. శాఖ గృహనిర్మాణం, హోదా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు. అందరూ డీఈ అంటారు. నా కింద ఏఈలు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు. నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు, అంటే ఈఈ. ఇల్లు కట్టేది మేస్త్రీ, కట్టించేది కాంట్రాక్టరు, సరిగ్గా కట్టారని సంతకం పెట్టేది డీఈ. ఎక్కడైనా తేడా వస్తే అందరికంటే ముందు గుర్తొచ్చేది కూడా డీఈయే.

ఛార్జి తీసుకున్న రోజే పట్టణ శివారులో అప్పుడే పూర్తయిన నలభై ఎనిమిది ఇళ్ల తాళాలు నాకు అప్పగించారు. మూడంతస్తుల బ్లాకులు, ఇంటికి రెండు పడక గదులు, వంటగది. లబ్ధిదారుల జాబితా వార్డు సభలో చదివారు, లాటరీ తీశారు, ఎవరికి ఏ ఇల్లో తేలిపోయింది. మిగిలింది ప్రారంభోత్సవం. అది శాఖ మంత్రి చేతుల మీదుగా జరగాలి, ఆ తర్వాతే తాళాలు ఇవ్వాలి. అలాగని ఏ జీవోలోనూ లేదు. జీవోలో ఉన్న రూల్‌ను దాటడానికి ఏదో దారి ఉంటుంది, రాసి లేని రూల్‌తోనే చావు.

మొదట తేదీ ఖాయమైంది. షామియానా వేశాం, కుర్చీలు తెప్పించాం. ముందు రోజు మధ్యాహ్నం ఈఈ గారు ఫోన్ చేసి మంత్రి మారారని చెప్పారు. షామియానా విప్పించాం. కొత్త మంత్రి పేషీ, అంటే ఆయన కార్యాలయం, ఇళ్ల మీద పూర్తి నోట్ అడిగితే రాసి పంపాను. గేట్ల రంగు మార్చమన్నారు, మార్చాం. ఇక తేదీ వస్తుందనుకునేలోపు ఆయనకు వేరే శాఖ ఇచ్చారు. మూడో మంత్రి పేషీ మళ్లీ నోట్ అడిగింది. నాకు ఒళ్లు మండింది. పాత నోట్‌లో మంత్రి పేరొక్కటి మార్చి పంపించాను. నోట్ చాలా బాగుందని ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు.

ఇలా దాదాపు ఏడాది గడిచింది. ఈ నెలలన్నీ ప్రతి సోమవారం మొగులమ్మ మా ఆఫీసుకు వచ్చేది. రైతుబజారులో ఆకుకూరలు అమ్మే మనిషి, భర్త లేడు. మొదటి బ్లాకు కింది అంతస్తులో ఆమెకు ఇల్లొచ్చింది. తాళం ఎప్పుడిస్తారని అడిగేది, నేను చెప్పింది విని వెళ్లిపోయేది. వానలు మొదలయ్యే ముందు ఒక సోమవారం మాత్రం నా బల్ల ముందు నేల మీద కూలబడింది.

"నా బిడ్డకు ఏడో నెల పడ్డది మేడం. తొలిసూరు. తల్లిగారింటికి తోలుకరావాలె కదా? కిరాయి ఇంటాయన నా ఇంట్ల పురుడు వద్దంటున్నడు. బిడ్డ అత్తేమో, మీ అమ్మకు జాగ ఉంటే కదా తోలుకపొయ్యేది అని దెప్పుతాంది. ఇల్లొచ్చిందని ఊరంత చెప్పుకుంటి. ఇప్పుడు ఏ మొకం పెట్టుకోని పోవాలె?"

మంత్రిగారి తేదీ రావాలమ్మా అన్నాను.

"ఏ మంత్రి మేడం? అడిగినప్పుడల్ల ఒగ కొత్తాయన పేరు చెప్తిరి. కాన్పును గూడ జర ఆగమని చెప్పాల్నా?"

నవ్వొచ్చింది. వెంటనే సిగ్గూ వేసింది.

ఆ మధ్యాహ్నమే కాంట్రాక్టు ఒప్పందం తీసి చదివాను. అందులో లోపాల బాధ్యత గడువు అని ఒకటుంటుంది. పని పూర్తయినట్టు ధ్రువపత్రం ఇచ్చిన నాటి నుంచి రెండేళ్లలోపు ఎక్కడ నీరు కారినా, ఏ పైపు పగిలినా కాంట్రాక్టరే బాగు చెయ్యాలి. అందులో సగం గడువు వేసిన తాళాల వెనకే అయిపోయింది. కాపురముంటే కదా ఇల్లు ఎక్కడ కారేది తెలిసేది! అదే నోట్‌లో పెట్టాను. ప్రారంభోత్సవం జరిగేలోగా, లోపాలు కనిపెట్టడానికి, ఇళ్లను లబ్ధిదారులకే సంరక్షణ నిమిత్తం అప్పగించాలని ప్రతిపాదించాను. అంటే ఎవరింటికి వాళ్లే కాపలాదారులు.

ఈఈ గారు మంచివారు, భయస్థులు. "నౌకరి మీద ఫికర్ లేదా మేడం? రేపు పేషీ అడిగితే ఏం చెప్తం?" అన్నారు. భయం నాకూ ఉంది. సస్పెన్షన్ ఉత్తర్వు రావడానికి ఎంతసేపు? అందుకని చివర ఒక పేరా చేర్చాను: దీనిని గృహప్రవేశంగా పరిగణించరాదు, సంరక్షకులు ఎట్టి వేడుకలూ జరపరాదు. ఆ పేరా చూశాకే ఆయన సంతకం పెట్టారు. కలెక్టరు గారు ఇళ్లు నిజంగానే కారుతున్నాయా అని అడిగారు. అది కనిపెట్టడానికే సార్ అన్నాను. ఆమోదించారు. వారంలో తాళాలన్నీ, ఉత్తర్వు నకలుతో సహా, ఇచ్చేశాం. మొగులమ్మ కూతుర్ని తెచ్చుకుంది.

రెండు పెద్ద వానలు పడ్డాక తనిఖీకి వెళ్లాను. మొగులమ్మ ఇంట్లో పడకగది గోడకు చెమ్మ దిగింది, రాసుకున్నాను. వంటగది మాత్రం కట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. గట్టు మీద దుమ్ము కూడా తుడవలేదు. పక్క ఇళ్లలోనూ అంతే. బయటికొచ్చి చూస్తే మెట్ల కింద వరసగా కట్టెల పొయ్యిలు, గ్యాస్ స్టవ్వులు. వాన జల్లు కొడుతుంటే మొగులమ్మ కూతురు ఆ నిండు కడుపుతో బోర్లించిన బకెట్ మీద కూర్చుని పొయ్యి ఊదుతోంది. నాకు కోపం ఆగలేదు. వంటగది కట్టించింది చూసుకోవడానికా అని అరిచాను.

మొగులమ్మ బిత్తరపోయింది. "మీరే రాస్తిరి కదా మేడం! గృహప్రవేశం కాదని మా అల్లుడు సదివి చెప్పిండు. పాలు పొంగియ్యకుండ కొత్తింట్ల పొయ్యి ఎట్ల ముట్టిస్తం? కాయిదం తప్పితే తాళం గుంజుకుంటరేమోనని అందరం బయటనే వండుకుంటున్నం."

నా ఉద్యోగం కాపాడుకోవడానికి రాసిన పేరా అది. దానివల్ల ఒక గర్భిణి వానలో తడుస్తోంది. అంత తెలివితక్కువ పని నా సర్వీసులో ఇంకోటి చెయ్యలేదు.

జీపు బానెట్ మీద సైట్ ఆర్డర్ పుస్తకం పెట్టుకుని అక్కడికక్కడే రాశాను: ప్రతి ఇంటి వంటగదిలో పొయ్యి వెలిగించి, పాలు పొంగువరకు మంట ఉంచి, గట్టు బండ పగుళ్లను, పొగ పోవు తీరును పరీక్షించవలెను. సంతకం, తేదీ. ఇది వేడుక కాదు, పరీక్ష. మర్నాడు ఈఈ గారు చదివి, పాలే ఎందుకు మేడం, నీళ్లు కాగబెట్టినా తెలుస్తది కదా అన్నారు.

"నీళ్లు పొంగవు సార్" అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు.

గురువారం మంచి రోజని నలభై ఎనిమిది ఇళ్లలోనూ పరీక్ష జరిగింది. మొగులమ్మ పెట్టిన పరమాన్నం నేనూ తిన్నాను. గోడ చెమ్మ సంగతి కాంట్రాక్టరుకు నోటీసిచ్చి, నాలుగు చీవాట్లు పెట్టి బాగు చేయించాను. పెద్ద దవాఖానలో ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా నేరుగా ఆ ఇంటికే వచ్చారు.

చలికాలంలో మూడో మంత్రి నిజంగానే వచ్చారు. రిబ్బను కత్తిరించాక మొదటి ఇల్లయిన మొగులమ్మ ఇంట్లో పాలు పొంగించడం కార్యక్రమ పత్రంలో ఉంది. ఆయన పాలగిన్నె పొయ్యి మీద పెట్టబోతే మొగులమ్మ మనుమరాలిని ఎత్తుకుని అడ్డంగా తలూపింది. "అయ్యా, మా ఇంట్ల పాలు ఎప్పుడో పొంగినయి. రెండోపారి పొంగియ్యరు. మీరు కూసోండ్రి, చాయ్ పెడ్త."

ఈఈ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. మంత్రిగారు నావైపు చూశారు. ఫైలు, సైట్ ఆర్డర్ పుస్తకం తెరిచి ఇచ్చాను. నిలబడే రెండూ చదివారు. తర్వాత మొగులమ్మను ఇల్లు కారుతోందా అని అడిగారు. కారింది, మేడం తిట్టి చేపిచ్చింది అని ఆమె చెప్పింది. ఆయన కూర్చుని చాయ్ తాగారు, బిడ్డ పేరు అడిగారు, వెళ్లిపోయారు. నాకు ఏ మెమో రాలేదు.

కొన్ని నెలలకు ఆయనా మారారు. నాలుగో పేషీ యథాప్రకారం నోట్ అడిగింది. ఈసారి ఒకే వాక్యం రాశాను: ఇళ్లలో లబ్ధిదారులు నివసిస్తున్నారు. తిరుగు ప్రశ్న రాలేదు. మంత్రులు మారడం ఇంజినీరు చేతిలో లేని పని. ఖాళీగా ఉన్న ఇంటి గురించి వచ్చిన ప్రతి మంత్రికీ మొదటి నుంచి చెప్పుకోవాలి. పొయ్యి వెలిగిన ఇంటి గురించి ఎవరూ అడగరు.