మూడు మడతల దగ్గర ఆగిన దారం

పదకొండేళ్లుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మొదట్లో గుచ్చుకునేది. ఇప్పుడు గుచ్చుకోవడం కూడా మానేసింది. నాకు భయం వేస్తున్నది దానికే, అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. ఆ మాత్రం చాటు లేకపోతే నోరు పెగలదు.

నేను ముంబయి కామాఠిపురలో, తెలుగువాళ్ల చాల్‌లో, వరస గదుల పాత ఇంట్లో పుట్టాను. ఫోరస్ రోడ్డు వైపు మా మేనత్తకు చిన్న టైలరింగ్ దుకాణం ఉంది. అందులో కటింగ్ నాది. ఆ రోజుల్లో వచ్చిన ప్రతి ఆడపిల్లా ఫోన్లో పెప్లమ్ బొమ్మ చూపించేది. నడుం దాకా బిగుతుగా ఉండి, అక్కడి నుంచి గొడుగులా విచ్చుకునే జాకెట్టు. ఆ పేరు ఎప్పటిదో గ్రీకు ఆడవాళ్ల బట్ట నుంచి వచ్చిందని ఒక కస్టమర్ చెప్పింది. నడుం కుట్టు బొడ్డుకు రెండు వేళ్లు పైన పడాలి, కిందికి జారితే పొట్ట ఎత్తుగా కనబడుతుంది. పొట్టివాళ్లకు అంచు తుంటి దాటకూడదు. ఇవన్నీ మెడలో టేపు వేసుకుని నేనే చెప్పేదాన్ని. కానీ నేను కోసిన ఘేరు, ఆ విచ్చుకునే భాగం, ఎప్పుడూ ఒక పక్క ముడుచుకునేది. సాయమ్మ కోసింది మాత్రం చక్కగా జారేది.

సాయమ్మ మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన మనిషి. భర్తతో పాటు బిల్డింగ్ పనిలో ఇసుక మోసి మోసి, మోకాళ్లు అరిగాక మా దుకాణంలో చేరింది. సిమెంటుకు పగిలిన వేళ్లకు పట్టు తగులుకుంటుందని పౌడర్ రాసుకుని మెషీన్ ముందు కూర్చునేది. టేపు మీద అంకెలు చదవడం రాదు. నడుం చుట్టూ దారం తిప్పి, దాన్ని మూడు మడతలు వేసి, మళ్లీ సగానికి మడిచేది. మొత్తం ఆరు. అందులో గోరంత తగ్గించి, నాలుగు పొరలుగా మడిచిన గుడ్డ మూల నుంచి ఆ కొలతతో గీత గీసేది. కోసి విప్పితే నడుముకు అతికినట్టు సరిపోయే గుండ్రటి ఖాళీ.

పెప్లమ్ ఆమెకు వింతగా అనిపించలేదు. సైటు మీద ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా వేసుకుని నడుముకు తువ్వాలు బిగిస్తారు. దాని కింద చొక్కా అంచు అచ్చం అలాగే విచ్చుకుంటుంది. మా నాయనమ్మ కూడా అలాగే రాళ్లు మోసింది. సాయమ్మ ఆ చొక్కా సంగతి చెప్పి నవ్వేది. నేను ఆమె దారాన్ని చూసి నవ్వేదాన్ని. అసూయ. ఇంకో పేరు వెతికినా దొరకలేదు.

ఒక పెళ్లికూతురు పెప్లమ్ కుట్టమని, చనిపోయిన తన తల్లి చీర తెచ్చింది. పల్లూలో నాలుగు నెమళ్లు. అవి నడుం కిందే వరుసగా రావాలంది. సాయమ్మ ఆమె నడుం కొలిచి దారం బల్ల మీద పెట్టి, నీళ్లు తేవడానికి కిందికి వెళ్లింది. దుకాణంలో నేను ఒక్కదాన్నే. ఈసారి తనలాగే కోసి చూద్దామని దారం తీసుకున్నాను. మూడు మడతలు వేసి గుండుసూది గుచ్చాను. అంతలో గుమ్మంలో ఎవరో పిలిచారు. వెళ్లి మాట్లాడి వచ్చాను. సగానికి మడవడం మరిచిపోయి అలాగే గీశాను, కోశాను.

విప్పితే ఖాళీ రెండు నడుములంత ఉంది. కుచ్చులు పెట్టి సర్దవచ్చు. కానీ గీత కిందికి జరిగి, పొరకొక నెమలి మీదుగా నాలుగు పొరలూ ఒకేసారి తెగాయి. నాలుగు నెమళ్లకూ మెడలు పోయాయి.

అత్త వచ్చి చూసింది.

"ఎవలు కోసిండ్రే దీన్ని?"

"సాయమ్మనే. టేపు పెట్టుమంటే ఇనదు, దారంతోనే కొలుస్తది."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. ముందే అనుకున్నానా? లేదు. అయినా ఎవరైనా నమ్మే అబద్ధమే నోటికి ఎలా అందింది? అప్పుడే సాయమ్మ బిందెతో గుమ్మంలోకి వచ్చింది. గుడ్డను చూసింది. బల్ల మీది దారాన్ని చూసింది.

"సూది మూడు మడతల మీదున్నది అక్కా."

అత్తకు అర్థం కాలేదు. నాకు అయింది. సూది పీకేసి దారాన్ని గుప్పిట్లో దాచుకున్నాను.

"గట్లనా," అంది సాయమ్మ. బిందె దించింది.

"రేపట్నుంచి రాకు, బస్," అంది అత్త.

పెళ్లికూతురు కుచ్చులు పెట్టిన జాకెట్టును తీసుకుంది. తెగిన చోట వేలితో తడిమి, మడిచి సంచిలో పెట్టుకుంది.

మరుసటి ఏడాది దాదర్‌లో బస్సు ఆగినప్పుడు సాయమ్మ కనబడింది. కడుతున్న బిల్డింగ్ దగ్గర, తల మీద ఇసుక తట్ట. చీర మీద మగవాళ్ల చొక్కా, నడుముకు తువ్వాలు. ఒక్కో మెట్టు దగ్గర ఆగి, మోకాలు పట్టుకుని ఎక్కుతోంది. దిగి పిలవాలనుకున్నానా? అనుకున్నానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి తల పక్కకు తిప్పుకున్నాను. ఆ తర్వాత మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు చాల్ పిల్లలకు కుట్టు నేర్పుతున్నాను. వాళ్లు మరాఠీలో మాట్లాడతారు, నన్ను తాయీ అంటారు, అక్క అని. ఆరు మడతల కొలత వాళ్లకు నచ్చింది. ఒక పిల్ల వీడియో తీసి, ఇది మీకెవరు నేర్పారని అడిగింది. మా నాయనమ్మ అని చెప్పాను. చనిపోయిన మనిషిని కూడా వదల్లేదు నేను. చెబుతున్నప్పుడు సిగ్గు రావాలి కదా? ఏమీ రాలేదు. మెషీన్‌కు నూనె వేయాలన్న సంగతి గుర్తొచ్చింది.

దారం నా కుట్టుపెట్టెలో ఉంది. రేపు ఆ పిల్లలకు నిజం చెబుతానో లేదో తెలియదు, మాట ఇవ్వను. సాయమ్మ ఎక్కడుందో కూడా తెలియదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. ఆరు మడతలు నేర్పింది సాయమ్మ. ఆ నెమళ్ల మెడలు కోసింది నేను.