సమాధిలోని ఫోనుకి రీచార్జి

2024లో వానలు అప్పుడే పట్టుకున్న రోజులు. రాజాంలో మా షాపు మెయిన్ రోడ్డుకి ఒక సందు లోపల, మా మావగారి ఎరువుల కొట్టు పై అంతస్తులో ఉంటుంది. కింద యూరియా బస్తాలు, పైన వెబ్‌సైట్లు. కాలేజీలకి, రైస్ మిల్లులకి, ఈ మధ్య భోగాపురం ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల స్థలాలు అమ్మేవాళ్లకి సైట్లు తయారుచేసి ఇస్తుంటాను. "మా కోడలు గాలి అమ్ముతాది, నాను బరువు అమ్ముతాను. కరెంటు బిల్లు మాత్రం దానికే ఎక్కువొస్తాది" అని మావగారు బేరానికి వచ్చిన ప్రతి రైతుకీ చెబుతుంటారు. ఊళ్లో నా పేరు కూడా 'వెబ్‌సైట్ల లలిత' అయిపోయింది. ఆ పేరంటే నాకు బాగానే గర్వం.

సైటు తయారుచేయడమే మా పని అనుకుంటారు చాలామంది. దాన్ని నిలబెట్టడంలోనే అసలు చాకిరీ ఉంటుంది. ప్రతి సైటుకీ రెండు ముఖ్యమైనవి కావాలి. ఒకటి హోస్టింగ్, అంటే ఫొటోలు, పాటలు, రాతలు దాచుకునే చోటు. రెండోది డొమైన్, అంటే జనం ఫోనులో కొట్టే పేరు. ఈ పేరు ఎవరికీ శాశ్వతంగా రాసివ్వరు. గడువు తీరేలోపు రెన్యువల్ చేయించుకోవాలి. చేయించకపోతే కొన్నాళ్లు ఆగి చూసి, ఎవరడిగితే వాళ్లకి అమ్మేస్తారు.

ఆ మధ్యాహ్నం మెట్లెక్కి ఇద్దరు వచ్చారు. ముందు వచ్చినాయన ప్రకాశం గారు, మా పక్క వీధి చర్చి కమిటీలో ఉంటారు, నాకు మొహం తెలుసు. వెనకాల తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ. ఆయన వదినగారు, కరుణమ్మ. తడిసిన గొడుగు ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడింది.

"మా అన్నియ్య పాటల సైటు పోనాదమ్మా. తెరిస్తే ఏవో అడ్వటేజ్‌మెంట్లు వస్తన్నాయి. ఆదివారం నుంచి ఊర్లన్నీ ఫోన్లే ఫోన్లు" అన్నారు ప్రకాశం గారు.

వాళ్లన్నయ్య దేవసహాయం మేస్టారి గురించి నేను అంతకుముందే విన్నాను. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. చర్చిలో హార్మోనియం ఆయనదే, అందుకే అందరికీ మేస్టారు. కొండ అంచు పల్లెల్లో చిన్న చిన్న చర్చిలు చాలా ఉన్నాయి. ప్రార్థన చెప్పడానికి ఎవరో ఒకరు ఉంటారు కానీ రాగం ఎత్తి ఇచ్చేవాళ్లు ఉండరు. వాళ్లకోసం ఆయన వీడియోలు చూసి నేర్చుకుని తనే ఒక సైటు పెట్టాడు. కీర్తనలు హార్మోనియం మీద వాయిస్తూ, పాడుతూ, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో చెబుతూ రికార్డు చేసి ఎక్కించాడు. ఆదివారం పొద్దున ఆ పల్లెల్లో ఎవరిదో ఒక ఫోనుని స్పీకరుకి తగిలించి, ఆయన గొంతు వెనకాలే ఊరంతా పాడుకునేది. ఆయన ముందటి శీతాకాలంలో చనిపోయాడు. గడువు మెయిళ్లు ఆయనకే వెళ్లాయి, చూసే మనిషి లేడు.

నేను డొమైన్ వివరాలు తీసి చూశాను. గడువు దాటిపోయింది కానీ పాత యజమాని తిరిగి తీసుకోగలిగే వ్యవధి ఇంకా మిగిలి ఉంది, అదీ అట్టే లేదు. ఆ తరవాత ఎవరు కొంటారో చెప్పాను. వాడుకలో ఉన్న పేర్లకోసం పేకాట సైట్లవాళ్లు కాచుకుని ఉంటారు. భక్తి పాటలకోసం పేరు కొట్టిన వాళ్లకి రమ్మీ తెరుచుకుంటుంది.

"ఓరి దేవుడా! మందిరంలో పేకాటేటి?" అని ప్రకాశం గారు కుర్చీలోంచి సగం లేచిపోయారు.

మెయిల్ అడ్రసు వాళ్ల చర్చి క్యాలెండరు మీదే ఉంది. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. 'మర్చిపోయాను' అని నొక్కితే, మీ ఫోనులో 'అవును' అని నొక్కండి అని వచ్చింది. ఇంకో దారి చూస్తే, ఆ నంబరుకి ఓటీపీ పంపుతానంది. నేను తేలిగ్గా, "మేస్టారి ఫోను ఒకసారి ఇవ్వండి, పది నిమిషాల పని" అన్నాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కరుణమ్మ తలొంచుకుంది.

"ఫోను అన్నియ్య దగ్గరే ఉన్నాదమ్మా" అన్నారు ప్రకాశం గారు.

"అన్నయ్య గారు..."

"పెట్టెలో."

అప్పుడు విషయం బయటికొచ్చింది. ఆయన పోయిన రోజు, ఇంటిముందు షామియానా కింద శవపెట్టె ఉంచి, దగ్గరి వాళ్లందరూ వచ్చేదాకా పాటలు పెడతారు కదా, అందరూ ఆయన పాడినవే పెట్టమన్నారట. ఆయన ఫోనులోనే ఉన్నాయి కాబట్టి అదే దిండు పక్కన పెట్టారు. వచ్చినవాళ్లు తెచ్చిన పూలు దాని మీద పడ్డాయి. మూత వేశారు, మోసుకెళ్లారు. సమాధుల తోటలో పెట్టె కిందికి దించుతుంటే లోపలినుంచి పాట సన్నగా వినిపించింది. పాస్టరు గారు ప్రార్థన ఆపేశారు. మూత తీద్దామని ఎవరో తాడు పట్టుకున్నారు. కరుణమ్మ అడ్డుపడింది.

"నానే వద్దన్నానమ్మా" అంది ఆవిడ మొదటిసారి నోరు విప్పి. "పాడతన్నాడు కదా, పాడనీండి అన్నాను. ఆ పూట నాకేటీ తెలవనేదు. ఇప్పుడు సూడు, ఆయన పాటని నానే కప్పెట్టీసినాను." కళ్లు కొంగుతో ఒత్తుకుంది. నేను మంచినీళ్ల సీసా ఆవిడ ముందుకి జరిపాను.

ప్రకాశం గారికి ఒక ఉపాయం తోచింది. "కమిటీ చేత తీర్మానం రాయించి, పోలీసోల్లకి ఒక మాట సెప్పి, సమాధి తవ్వించీమంటావా? మట్టి ఇంకా గట్టిపడి ఉండదు" అన్నారు.

"ప్రకాశం గారూ, కూర్చోండి" అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాను. కింద కొట్లో మావగారికి కూడా వినబడి ఉంటుంది. "నంబరు ఆ సిమ్ముముక్కలో ఉండదండీ, కంపెనీ దగ్గర ఉంటుంది. భర్త పేరుమీది నంబరుని భార్య పేరుకి మార్పించుకోవచ్చు. మరణ ధ్రువపత్రం, ఈవిడ ఆధారు ఉంటే చాలు. ఆయన్ని ఎవరూ కదపక్కర్లేదు."

కరుణమ్మ తలెత్తింది. నాకు మాత్రం లోపల ఒక భయం పట్టుకుంది. రీచార్జి లేకుండా నెలలు గడిస్తే నంబరు కట్ చేస్తారు, ఆ తరవాత వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. ఈపాటికి అది ఎవరి జేబులో ఉందో! అనుమానంగా నా ఫోనునుంచి ఆ నంబరు కొట్టాను. స్విచాఫ్ అని చెప్పింది. నంబరు లేదని మాత్రం చెప్పలేదు.

"ఇదేంటి, ఇంకా బతికే ఉందే!" అన్నాను.

కరుణమ్మ గొడుగు పిడి తిప్పుతూ కూర్చుంది. "నాను ఏయిస్తన్నాను" అంది మెల్లగా.

"ఏటి ఏయిస్తన్నావు వొదినా?"

"రీసార్జి. పెతీ నెలా. పాల బూతు పక్క కొట్టు కాడ."

"ఓలమ్మ! సమాధిలో ఉన్న ఫోనుకా?" ప్రకాశం గారు నోరు తెరిచేశారు.

"మరి ఆపీడానికి సెయ్యి రానేదు బాబూ. ఆపితే ఆయన్ని మద్దిలో నోరు మూయించీసినట్టుంటాదని." ఆవిడ మమ్మల్నిద్దర్నీ చూడకుండా చెప్పింది. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెంటినీ ఆపుకోలేదు. ఆ పిచ్చి ప్రేమే ఆ నంబరుని కాపాడింది. మా చదువుల్లో ఏ కోర్సులోనూ ఈ మెయింటెనెన్స్ చెప్పరు.

మర్నాడు కరుణమ్మని వెంటబెట్టుకుని విజయనగరంలో ఆ కంపెనీ ఆఫీసుకి బస్సులో వెళ్లాను. కౌంటర్లో అబ్బాయి కాగితాలు తీసుకోకుండానే, "నంబరు ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రావాలి మేడం" అన్నాడు.

"ఆయన రాగలిగితే మేమెందుకొస్తాం బాబూ? పైన కాగితం చదువు" అన్నాను. చదివాడు. మొహం మారింది. సారీ చెప్పి గబగబా కంప్యూటరు మీద పడ్డాడు. కాసేపటికి, "పాత సిమ్ పోయిందా?" అని అడిగాడు.

"పోనేదు బాబూ" అంది కరుణమ్మ. "ఎక్కడున్నాదో తెలుసును."

నేను ఆవిడ మోచెయ్యి నొక్కి, "దొరకదు అని రాసుకోండి" అన్నాను. అబద్ధం కాదు కదా.

కొత్త సిమ్ము చేతికిస్తూ, ఇది పనిచేయడం మొదలుపెట్టగానే పాతది ఆగిపోతుందని అబ్బాయి మామూలుగా చెప్పాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. పక్కనున్న బెంచీ మీద వెళ్లి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. సమాధిలో ఉన్న ఫోను పాట పెట్టినరోజు సాయంత్రానికే ఆగిపోయి ఉంటుందని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు. అయినా నేను తొందరపెట్టలేదు, నా స్వభావానికి అది పెద్ద విషయమే.

"పాతదాపకపోతే కొత్తది రాదా అమ్మా?" అని అడిగింది.

"రాదమ్మా. ఒక నంబరు ఒకచోటే ఉంటుంది."

ఆవిడ కొంగు సర్దుకుంది. "అలగయితే ఇప్పించు. ఊరోల్లు పాడుకోడానికి అడిగితే ఆయన హార్మోనీ పెట్టే ఎత్తి ఇచ్చీసీవోడు. ఇది మాత్రం దాసుకుంటాడేటి?" అని లేచింది.

షాపుకి తిరిగొచ్చాక ఓటీపీ ఆవిడ చేతిలోని ఫోనుకే వచ్చింది. మెయిల్ తెరుచుకుంది, దాని వెనక డొమైన్ ఖాతా కూడా తెరుచుకుంది. డొమైన్‌కీ హోస్టింగ్‌కీ రెన్యువల్ చేసి, యజమాని అన్నచోట కరుణమ్మ పేరు ఎక్కించాను. పాటలన్నిటినీ ఒక హార్డ్ డిస్కులోకి దింపి ప్రకాశం గారికిచ్చాను. మెయిల్ భద్రతకి ఇంకో రెండు దారులు పెట్టాను. సాయంత్రానికి ప్రకటనలు పోయి సైటు పైకొచ్చింది.

మొదటి పాట నొక్కాను. హార్మోనియం, దాని మీద మేస్టారి బొంగురు గొంతు, ఆయన వెనకే ఇంకో సన్నటి గొంతు. శ్రుతి అణువంత కూడా తప్పడం లేదు.

"ఈ రెండో ఆవిడెవరు?" అని అడిగాను.

"నానే. ఆయన మొదలెట్టీవోడు, నాను అందుకునీదాన్ని. పెళ్లయిన కాడినుంచీ అంతే." అని నవ్వింది. "ఆయన పోనాక నోరిప్పనేదు. ఎవుల్నందుకుంటాను?"

నేను నా ధోరణిలో, "ఇక ఆ సిమ్ముతో పనిలేదమ్మా, అన్నీ వేరే చోటికి మార్చేశాను. కావాలంటే రీచార్జి మానేయొచ్చు" అన్నాను. ఆవిడ ఫోను సంచిలో పెట్టుకుంది. కేసు ముగిసిందని ఫైలు మూసేశాను.

ముగియలేదు. కొన్ని వారాల తరవాత ఒక శనివారం మధ్యాహ్నం కరుణమ్మ షాపుకి వచ్చింది. ఒక పాట దగ్గర నొక్కితే ఇంకోటి వస్తోందని ఎవరో చెప్పారట, అది సరిచేయమని. నేను చూస్తుండగా ఆవిడ చేతిలో ఫోను మోగింది. స్పీకరు నొక్కే అలవాటు ఆవిడకి, అందరికీ వినబడుతోంది.

"మేస్టారేనాండి?" కొండవైపు ఊరి మగగొంతు. సైటు కింద ఫోను నంబరు అని ఉంటుంది కదా, అది చూసి చేశాడు. సైట్లలో ఆ లైను నేను ఎప్పుడూ అన్నిటికన్నా చివర, కాఫీ తాగుతూ టైపు చేస్తాను.

"మేస్టారు నేరు బాబూ. ప్రబువు కాడికెళ్లిపోనారు."

అతను వెనక్కి తిరిగి ఎవరికో ఆ మాట చెప్పాడు. తరవాత, "అయ్యో, మాకు తెలవదమ్మా. మరేటి... రేపు మా ఊల్లో బాప్తిస్మాలున్నాయి. ఒక పాట రాగం పట్టుబడక సేసినాను. ఉంటానమ్మా" అన్నాడు.

"ఉండు ఉండు. ఫోను పెట్టీకు" అంది కరుణమ్మ. "మేస్టారు నేకపోతే ఏటి, నానున్నాను కదా? ఏ పాటది?"

అతను పేరు చెప్పాడు. ఆవిడ కుర్చీలో సర్దుకుంది. ఎదురుగా కంప్యూటర్లు, పక్కన రైస్ మిల్లు సైటు కోసం వచ్చిన షావుకారు, ప్రింటరు మీద ఆగిపోయిన నా చెయ్యి, ఇవేమీ ఆవిడకి కనబడలేదు. పల్లవి తనే ఎత్తుకుంది. ఒకసారి పాడి, "ఇప్పుడు నువ్వందుకో" అంది. అతను అందుకున్నాడు, తప్పాడు. "అలగ్గాదు, అక్కడ ఊపిరి తీసుకోకు. మల్లీ" అంది. మళ్లీ పాడింది. అతని వెనకాల ఇంకో నాలుగు గొంతులు కలిశాయి, ఎవరెవరో పిల్లలు, ఆడవాళ్లు. పాట కుదిరేదాకా వదల్లేదు. నేను ప్రింటరు ఆపేశాను. షావుకారు కూడా కుర్చీలోంచి కదల్లేదు.

ఫోను పెట్టేసి, "పెతీ శనివారం ఎవులో ఒకలు సేస్తన్నారమ్మా. మానీమన్నావు కదా నువ్వు, రీసార్జి మాననేదు" అంది, దొరికిపోయినదానిలా.

"మానకండి" అన్నాను.

ఆ కేసునుంచి నా పనిలో ఒక మార్పు వచ్చింది. సైటుని కాపాడటమంటే పేరు, చోటు, పాస్‌వర్డు కాపాడటమే అనుకునేదాన్ని. అవి నేను బాగా చేస్తాను, ఇప్పుడూ చేస్తాను. కానీ పోయిన మనిషి సైటు నిలవాలంటే అటునుంచి ఎవరైనా పిలిచినప్పుడు ఇటు ఒకరు పలకాలి. అందుకే ఇప్పుడు కొత్తగా వచ్చిన ప్రతివాళ్లనీ రంగులూ బొమ్మలూ అడగకముందే, "మీ తరవాత ఈ నంబరు ఎవరు ఎత్తుతారు?" అని అడుగుతున్నాను. కొందరు మొహం చిట్లిస్తారు. ఆ రైస్ మిల్లు షావుకారు మాత్రం ఆ రోజు పాట విన్నాడు కాబట్టి కోప్పడలేదు. కాసేపు ఆలోచించి, భార్యకి ఫోను చేసి, ఆవిడకి తన బేరాలు ఏవేవి తెలుసో మొదటిసారి అడిగాడు.