గుమ్మంలో విప్పిన చెప్పులు

ఏలూరు మెయిన్ బజారులో సూది నుంచి పట్టుచీర దాకా అన్నీ దొరికే మా తాతగారి కొట్టు 2004లో చేతులు మారింది. అదే చోట కొత్త షోరూమ్ తెరిచిన రోజు నేనూ వెళ్లాను. మా హయాంలో తెల్ల పరుపుల మీద కూర్చోబెట్టి చీరలు చూపించేవాళ్లం. ఆ అలవాటుకొద్దీ గుమ్మంలోనే చెప్పులు విప్పేశాను.

"గుడి కాదండీ, షాపు!" అన్నాడు సేల్స్‌మన్. అందరూ నవ్వారు. నేను తల దించలేదు, చెప్పులు తిరిగి తొడుక్కోలేదు.

నా వెనకే వచ్చిన ఒక ముసలి టీచరమ్మగారు, "మీరు పెద్దాయన మనవడు కదండీ? నా పెళ్లిచీర ఇక్కడిదే. ఈ కొట్లోకి చెప్పులతో ఎప్పుడొచ్చామండీ?" అంటూ తనూ విప్పారు. ఆవిడను చూసి మరో పదిమంది విప్పారు. చివరికి కొత్త యజమాని కూడా బూట్లు విప్పి, "ముందు మీరు నడవండి బాబూ" అన్నాడు.

పత్రాల మీద ఎవరి పేరున్నా, ఆ పూట ఆ కొట్టు మాదే.