అతుకు కింద దీవులు

గ్లోబులు అతికించే పనిలో ఆమెది చేయి తిరిగిన పనితనం. కాగితపు పట్టీలకు జిగురు రాసి, అట్ట బంతి మీద ఒకదాని పక్కన ఒకటి పరిచి, బొటనవేలితో గాలి బుడగలు నెట్టేయాలి. సాయంత్రానికి నడుము పట్టేసేది. ఇంగ్లండూ బ్రిటనూ ఒకటేనా కాదా అని పక్క బల్ల వాళ్లు వాదులాడుకుంటే మేస్త్రీ కసిరేవాడు: "ఏ దేశం ఎవరిదైతే మనకేంటమ్మా? అతుకు కనపడకపోతే చాలు."

ఆమెకు మాత్రం ఒక దేశంతో పని పడింది. ఓడలో వంటవాడిగా వెళ్లిన భర్త దారిలో జబ్బు చేసి పోయాడు. స్పెయిన్‌లో దించి అక్కడే మట్టి చేశామని కబురొచ్చింది. అప్పటినుంచి ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, బట్టలు ఆరుతున్నాయి, అంతే.

పట్టీ పట్టీ మీదికెక్కి పాడైన గ్లోబొకటి మేస్త్రీనడిగి ఇంటికి తెచ్చుకుంది. చూపు ఆనని అత్తగారు రోజూ సాయంత్రం దాన్ని ఒళ్లో పెట్టుకునేది. కోడలు ఆవిడ వేలు పట్టి స్పెయిన్ మీద ఆనించేది. "అందరికీ పెట్టి నువ్వు తిన్నావా నాయనా?" అని అత్తగారు కొడుకునడిగి, గ్లోబు తిరిగిచ్చేసేది. ఆ ఒక్క మాట కోసమే ముసలావిడ పగలంతా ఈడ్చుకొస్తోందని కోడలికి తెలుసు.

ఒకరోజు భర్తతో ఓడలో పనిచేసినతను పలకరించడానికి వచ్చాడు. అత్తగారు పక్కగదిలో కునుకు తీస్తోంది. బల్ల మీది గ్లోబు చూసి, "అన్న ఎక్కడున్నాడనుకుంటున్నారు వదినా?" అన్నాడు. చూపించింది.

"అక్కడ కాదు. కానరీ దీవులని, ఇదిగో, ఆఫ్రికా ఒడ్డు దగ్గర... ఏవీ, ఇందులో లేవే?"

"ఆఫ్రికానా? స్పెయిన్ అన్నారుగా?"

"స్పెయినే. ఆ దీవులు వాళ్లవి. దేశం పైనెక్కడో, దీవులు కిందెక్కడో. నేనూ మొదట్లో బుర్ర గోక్కున్నాను."

అతను వెళ్లాక ఆమె గ్లోబు దగ్గరికి లాక్కుంది. చెప్పకపోతే అత్తగారికేం తెలుస్తుంది? కానీ రోజూ ఆ వేలు పట్టుకోవలసింది తనే.

తడిగుడ్డతో అతుకు నానబెట్టి, పట్టీ అంచు గోటితో లేపింది. కిందే ఉన్నాయి ఆ దీవులు, నువ్వుగింజల్లా. అడ్డొచ్చిన అంచు కత్తిరించి, వాటి మీద చిక్కటి జిగురు బొట్టొకటి పెట్టి ఆరనిచ్చింది.

మర్నాడు సాయంత్రం అత్తగారి వేలు అలవాటుగా పాతచోటికే పోయింది.

"అక్కడ కాదత్తయ్యా. ఇంకొంచెం కిందికి."

వేలికి బొడిపె తగిలింది. "ఇదేంటే, వీడెప్పుడు కదిలాడు?"

"కదల్లేదు. మనకే తెలీలేదు. ఇదీ ఆ దేశమే, కాకపోతే సముద్రంలో విడిగా ఉంది."

ఆవిడ వేలు బొడిపె చుట్టూ తిరుగుతూనే ఉంది.

"అయితే ఇన్నాళ్లూ పరాయివాళ్ల తలుపు కొట్టానన్నమాట."

"నేనే కొట్టించానత్తయ్యా."

"సర్లే. ఒకటే దేశమంటున్నావుగా, నేనడిగానని ఎవరో ఒకరు వాడికి చెప్పే ఉంటార్లే."

వేలు తీయకుండానే అడిగింది. "తిన్నావా నాయనా?"