ఖాళీ బసకు వచ్చే ఉత్తరాలు

1984 జూన్‌లో నన్ను పూర్ణా మార్కెట్ వెనకనున్న వార్డుకు కమ్యూనిటీ ఆర్గనైజరుగా వేశారు. పేరు ఘనంగానే ఉంటుంది గాని, మా ఆఫీసులో ఆ హోదా గుమస్తాకు ఒక మెట్టు పైన, ప్రాజెక్టు ఆఫీసరుకు చాలా మెట్లు కింద. ఊళ్లో ఏదైనా కట్టాలన్నా కూల్చాలన్నా ముందుగా చుట్టుపక్కల జనాన్ని కూర్చోబెట్టి, వాళ్లేమంటారో విని, రాసి పైకి పంపడం మా పని. నేను చేరి అప్పటికి ఏడాదిన్నర. ప్రొబేషన్ ఇంకా పూర్తికాలేదు. పెద్ద తప్పేదైనా దొరికితే కారణం చెప్పి ఇంటికి పంపించేయొచ్చన్నమాట.

నాకు అప్పజెప్పిన ఫైలు ఒక మూతబడ్డ బసది. బోర్డు మీద నిరాశ్రయుల వసతి గృహమని రాసి ఉండేది, జనం మాత్రం బస అనేవారు. ఒకటే పొడుగాటి హాలు, మీద రేకులు. హార్బర్ కూలీలు, మార్కెట్ బళ్లవాళ్లు, స్టీల్ ప్లాంటులో పని దొరుకుతుందని శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి వచ్చినవాళ్లు అందులో చాపలేసుకు పడుకునేవారు. రెండేళ్ల కిందట వానలకు వెనక గోడ కూలింది. గేటుకు తాళం వేశారు. ఇప్పుడు ఆ స్థలంలో కింద షాపులు, పైన ఓ సమావేశ మందిరం కడదామని ప్రతిపాదన వచ్చింది.

ఇలాంటి పనికి ఒక వరస ఉంటుంది. మొదట తనిఖీ: స్థలం చూసి ఒక ఫారం నింపాలి. అందులో కొలతలు, హద్దులు, చెట్లు, నివాసులు అని గడులుంటాయి. తరువాత నోటీసు: గేటుకు అంటించి, నెల రోజుల్లో అభ్యంతరాలు చెప్పమనాలి. ఆ పైన సభ. సభలో ఎవరేమన్నా వాళ్ల పేరు, ఇంటి నంబరుతో సహా రిజిస్టరులో ఎక్కించాలి. నంబరు లేని మాట చెల్లదు.

తనిఖీకి వెళ్లిన రోజు గేటు తీయించి చూశాను. లోపల గడ్డి మొలిచింది, ఓ కుక్క పిల్లల్ని పెట్టింది. "నివాసులు" అన్న గడిలో "ఎవరూ లేరు" అని రాశాను. అక్కడితో ఆగితే బాగుండేది. నా దస్తూరీ గుండ్రంగా, ముద్దుగా ఉంటుందని ఆఫీసులో పేరు. పనిచేస్తే నాలా చేయాలన్న పొగరు కూడా దండిగా ఉండేది. ఆ భవనంలో ఎవరూ ఉండడం లేదని, త్వరలో ఆ డోరు నంబరు రద్దవుతుందని, అక్కడి పోస్టాఫీసుకు ఒక ఉత్తరం రాసి పంపాను. ఎవరూ నన్నడగలేదు. నియమాల్లోనూ లేదు. కాగితం మీద అన్నీ పొందికగా ఉండాలన్న నా యావ, అంతే.

సభ ఒక ఆదివారం పొద్దున్న ఆ వీధి బడి వరండాలో పెట్టాం. వ్యాపారులు షాపులు కావాలన్నారు. ఆడవాళ్లు షాపుల సంగతి తరవాత, ముందు కుళాయి వేయించమన్నారు. రిటైరైన మాస్టారొకాయన లేచి, మళ్లీ బస మాత్రం పెడితే ఊరుకోమన్నాడు, చుట్టూ చప్పట్లు కొట్టారు. అన్నీ రాసుకుంటున్నాను. అంతా సవ్యంగా సాగిపోతోందని లోపల మురిసిపోతున్నాను కూడా.

వరస చివర ముప్పై దాటిన మనిషొకడు నిలబడ్డాడు. పేరు అప్పన్న. మార్కెట్లో బండి లాగుతాడు. శ్రీకాకుళం వైపు పల్లె, వ్యవసాయ కుటుంబం. ఇంటి నంబరు అడిగితే చెప్పాడు. సగం రాసి ఆగిపోయాను.

"ఇది బస నంబరు కదయ్యా. నీ ఇంటిది చెప్పు" అన్నాను విసుగ్గా.

"నాదదేనమ్మా. నాకింకో నెంబరు నేదు."

"అక్కడెవరూ లేరు. మూసి రెండేళ్లయింది."

"మనిసి నేకపోతే ఏటమ్మా? ఉత్తరమొత్తాది గదా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అంతలో వెనక నుంచి కరీం భాయ్ ముందుకొచ్చాడు. బస గేటుకు ఎదురుగా ఆయనకు రేకు పని కొట్టు ఉంది. ట్రంకు పెట్టెలు, గరాటులు, కొలత డబ్బాలు చేస్తాడు. ఆ వీధిలో ఆయన మాటకు విలువుంది.

"మేడమ్, మీరు షాపులు కట్టుకోండి, మేడలు కట్టుకోండి, నాకేటి? కానీ ఈల్ల ఉత్తరాలెందుకు ఆపించేసినారు? రెండేళ్ల నుంచి పోస్టుమాను బస ఉత్తరాలన్నీ నా కొట్లో ఇచ్చేసి ఎల్తన్నాడు. నాను డబ్బాలో దాసి ఎవలిది ఆల్లకి ఇత్తన్నాను. ఇరవై రోజులై ఒక్క కాయితం నేదు. అడిగితే, అక్కడ ఎవలూ నేరని ఆఫీసోళ్లే రాసిచ్చినారంటన్నాడు."

ఆ ఆఫీసోళ్లు నేనే.

అప్పన్న సంగతి అప్పుడు బయటికొచ్చింది. బసలో ఉన్న రోజుల్లో ఆ నంబరు మీద ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పేరు రాయించుకున్నాడు. ఆ రోజుల్లో స్టీల్ ప్లాంటులో ఖలాసీ పనికైనా పిలుపు ఆ ఆఫీసు నుంచే, పోస్టులోనే రావాలి. ఎవరు ముందు రాయించుకుంటే వాళ్ల వంతు ముందు. ఎనిమిదేళ్లు ఎదురుచూస్తే వంతొచ్చింది.

"మా బావకి కార్డొచ్చినాదమ్మా. ఆడు గాజువాకలో ఇల్లు తీసుకున్నాడు. ఆడూ నానూ ఒక్కరోజే రాయించుకున్నాం. గురువారం నాడంట ఇంటర్వ్యూ. నాకు రానేదు. వొచ్చే ఏటికి నాకు వయసు దాటిపోద్ది."

అప్పన్న గొంతులో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. సభ ముగించి రిజిస్టరు మూశాను. ఆదివారం గనక ఎక్కడికీ పరిగెత్తడానికి లేదు. గురువారానికి మధ్యలో మూడు రోజులే.

సోమవారం పోస్టాఫీసు తలుపు తీసేసరికి నేనక్కడున్నాను. పోస్టుమాస్టరు ఫైలు తీసి నా ఉత్తరమే నా ముందు పెట్టాడు. ఇంత శుభ్రంగా రాసిన కాగితం ఈ మధ్య చూడలేదమ్మా, అని మెచ్చుకున్నాడు కూడా. తల కొట్టేసినట్టయింది. కార్డు కిందటి వారమే వెనక్కి వెళ్లిపోయిందన్నాడు.

ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో తిరిగొచ్చిన కార్డులకు ఒక కట్ట ఉండేది. అక్కడి అధికారి వెతికి తీశాడు. అప్పన్న పేరున్న కార్డు బల్ల మీద, నా చేతికి జానెడు దూరంలో ఉంది. చిరునామాలో మనిషి లేడంటే ఆ పేరు జాబితాలోంచి కొట్టేయాలి, మళ్లీ రాయించుకుంటే వరసలో అందరికంటే చివర అన్నాడు. ఇంకా కొట్టేయలేదు, ఆ గుమస్తా సెలవులో ఉన్నాడట. అయితే కార్డివ్వండి అన్నాను. ఆయన కార్డు మీదినుంచి చెయ్యి తీయలేదు.

"అక్కడ మనుషుల్లేరని రాసింది మీ ఆఫీసు. ఆ మాట తప్పని మీ ఆఫీసే రాసివ్వాలి. సంతకం, సీలు ఉండాలి. బుధవారం అయిదింటిలోపు తెస్తే ఇస్తాను" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

సీలు వేయాలంటే ప్రాజెక్టు ఆఫీసరు సంతకం కావాలి. ఆయన చెడ్డవాడు కాదు, పనిమంతుడు. అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేనలా రాసిస్తే నా తనిఖీ తప్పని ఒప్పుకున్నట్టే, ఫైలు మొదటికొస్తుంది, నోటీసు మళ్లీ అంటించాలి, సభ మళ్లీ పెట్టాలి, వ్యాపారులు పైదాకా వెళతారు అని వివరించాడు. "ప్రొబేషన్‌లో ఉన్నావమ్మా. ఎవరో బండివాడి కోసం పీకలమీదికి తెచ్చుకుంటావా? ఆలోచించుకో. నేను రేపు క్యాంపుకెళ్తున్నాను, బుధవారం మధ్యాహ్నం వస్తాను" అన్నాడు.

మంగళవారం పగలంతా నేను ఒక్క అక్షరం రాయలేదు. ఈ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గే. అప్పన్న నా మీద ఫిర్యాదు చేయడు, ఎలా చేయాలో కూడా తెలియదు. గురువారం దాటిపోతే ఇక ఎవరూ అడగరు. ఇవన్నీ లెక్క వేసుకున్నాను. మళ్లీ ఆ మనిషి "నాదదేనమ్మా" అన్న మాట చెవిలో పడుతూనే ఉంది.

సాయంత్రం మద్దిలపాలెంలో బస్సు దిగి గదికి వెళితే ఇంటి ఓనరు గారి భార్య మా అక్క రాసిన ఇన్‌లాండ్ లెటర్ చేతికిచ్చింది. మీద నా పేరు, కింద వాళ్ల ఇంటి నంబరు. ఏడాదిన్నరగా చూస్తున్నదే. నాకూ సొంత నంబరంటూ ఏదీ లేదన్న సంగతి ఆ పూటే తట్టింది. చెప్పులైనా విప్పకుండా కూర్చుని కాగితం తీశాను. తనిఖీలో నేను గేటు లోపల మాత్రమే చూశాను, ఎదుటి కొట్టులో అడగలేదు, ఆ నంబరు మీద ఉత్తరాలు అందుకునేవాళ్లు ఉన్నారు, తప్పు నాది అని రాశాను.

బుధవారం మధ్యాహ్నానికి ప్రాజెక్టు ఆఫీసరు రాలేదు. రెండయింది, మూడయింది. నేను కిటికీకీ కుర్చీకీ మధ్య తిరుగుతుంటే పక్క సీటు ఆవిడ, కూర్చోవే తల్లీ, నాకు కళ్లు తిరుగుతున్నాయంది. మూడున్నరకు జీపు వచ్చింది. ఆయన కాగితం చదివి, సంతకం పెట్టి, "సంజాయిషీ కూడా రాసిపెట్టుకో" అన్నాడు. సీలున్న బీరువా తాళంతో అటెండరు టీకి వెళ్లాడు. నేనే టీకొట్టుకు పరిగెత్తి లాక్కొచ్చాను. అయిదుకు పది నిమిషాలుందనగా ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో కార్డు నా చేతిలో పడింది.

మార్కెట్‌కు వస్తే అప్పన్న లేడు. సరుకేసుకుని హార్బర్ వైపు వెళ్లాడన్నారు. సర్కారు కార్డు వేరే మనిషి చేతికివ్వకూడదని నియమం. కరీం భాయ్ చెయ్యి చాచాడు. "ఇటియ్యండి మేడమ్. రెండేళ్ల నుంచి నాను సేత్తన్న పనే ఇది" అన్నాడు. ఇచ్చేశాను. ఆయన కొట్టు సగం తలుపు వేసి సైకిలెక్కాడు.

గురువారం ఏ కబురూ లేదు. కరీం భాయ్ కొట్టుకు తాళం. ఆ రోజు నేను ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను.

శుక్రవారం అప్పన్న మా ఆఫీసు వరండాలోకి వచ్చి నిలబడ్డాడు. ఇంటర్వ్యూకు వెళ్లాడట. "ఎత్తు సూసినారు, బరువు సూసినారు, ఇనపముక్క ఎత్తించినారు. మల్లీ ఉత్తరమొత్తాదన్నారమ్మా" అని, కాస్త ఆగి, "ఆ నెంబరుకే" అన్నాడు. హమ్మయ్య అనుకోబోయి ఆగాను. ఆ ఉత్తరం వచ్చేదాకా ఆ నంబరు బతికుండాలి.

ఆఫీసరు చెప్పినవన్నీ జరిగాయి. ఫైలు వెనక్కొచ్చింది. వ్యాపారి ఒకాయన, మీ ఒక్కరి మూలంగా మా కొట్లు ఆగిపోయాయని ముఖం మీదే అన్నాడు. నా ప్రొబేషన్ ఇంకో ఏడాది పొడిగించారు, ఆ మెమో నా సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది. రెండో సభ మాత్రం బడి వరండాలో పెట్టలేదు. మార్కెట్ సద్దుమణిగి బళ్లవాళ్లు అన్నాలకు కూర్చునే వేళ, కరీం భాయ్ కొట్టు ముందే పెట్టాను. కొత్త ఫారంలో "నివాసులు" గడిలో ఆ నంబరుకు ఉత్తరాలు వచ్చే పదకొండు మంది పేర్లు రాశాను. అందులో ఒక్కరూ అక్కడ పడుకోరు. పైనుంచి ప్రశ్న వచ్చింది, జవాబు రాశాను.

బస తిరిగి రాలేదు. ఈ మాట దాచను. వీధి వద్దంది, ఆఫీసు సరేనంది, పదకొండు పేర్లు దాన్ని మార్చలేకపోయాయి. డోరు నంబరు రద్దు చేయకూడదని, కొత్త కట్టడానికీ అదే ఉంచి గేటు పక్కన ఉత్తరాల పెట్టె పెట్టాలని నేను రాసింది మాత్రం ఒప్పుకున్నారు. కట్టడం పూర్తయ్యాక ఆ పెట్టె కరీం భాయే చేశాడు.

అప్పన్న ఉత్తరం వచ్చేసరికి మరుసటేడు వేసవి. అప్పటికి గోడలన్నీ పడగొట్టేశారు, గేటు స్తంభాలు రెండే ఉన్నాయి. పోస్టుమాను ఇటుకల మధ్య ఓ క్షణం నిలబడి, రోడ్డు దాటి కొట్లో ఇచ్చాడని కరీం భాయ్ కబురంపాడు. నేను వెళ్లేసరికి అప్పన్న కవరు విప్పకుండా పట్టుకుని కూర్చున్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. ఖలాసీగా తీసుకున్నట్టు చదివి చెప్పాను. వెంట ఒక ఫారం ఉంది, నింపి పెట్టమన్నాడు. పేరు, తండ్రి పేరు రాశాక "స్థిర చిరునామా" అని ఉంది. అడిగాను. రోడ్డవతల ఆ ఇటుకల వైపు చూసి అదే నంబరు చెప్పాడు. ఎవరూ లేరని రాసిన ఆ గుండ్రటి అక్షరాలతోనే, ఆ నంబరు రాశాను.

ఆ తరవాత ఇరవయ్యేళ్ల పైచిలుకు ఎన్నో స్థలాలు తనిఖీ చేశాను. ఖాళీ అని రాసే ముందు పోస్టుమాన్‌ని అడిగేదాన్ని. ఫలానా చోట ఎవరుంటున్నారన్నది లోపలికి తొంగిచూస్తే సగమే తెలుస్తుంది. ఆ చోటు పేరు చెప్పుకుని బతుకుతున్నదెవరో చుట్టూ అడగాలి. మా ఫారంలో దానికి గడి లేదు. నేను రిటైరయ్యేనాటికీ లేదు. అంచున చేత్తో ఒకటి గీసుకునేదాన్ని.