మరీ నున్నటి దిమ్మ

ఆ షెడ్డులో ఆయన్ని గీకుడు మేస్త్రి అనేవారు. యంత్రాల్లో ఒకదాని మీద ఒకటి జారే ఇనప ముఖాలను చేతి ఉలితో గీకి సరిచేయడం ముప్పై ఏళ్లుగా ఆయన పని. చదును చూసే కొలత పలకకు నీలం రంగు పల్చగా పూసి ఇనుము మీద రుద్దితే, ఎత్తుగా ఉన్నచోట్లకే రంగు అంటుకుంటుంది. ఆ చుక్కలను వెంట్రుకలో పదోవంతు మందాన గీకాలి. మళ్లీ రుద్దాలి, మళ్లీ గీకాలి. ఉలి పిడిని కుడి భుజానికి ఆనించి తోసీ తోసీ ఆ భుజం కాస్తా పోయింది. చొక్కా గుండీలు భార్యే పెడుతోంది. ఇంకో ఏడాది ఇలాగే తోస్తే చెయ్యి ఇక లేవదన్నాడు డాక్టరు.

మానేస్తానంటే యజమాని వదల్లేదు. "నీ పని ఇంకొకరికి వచ్చిన రోజున వెళ్దువుగాని మేస్త్రీ" అనేవాడు. ఎలా వస్తుంది? ఆఖరి గీకుడు వేళ అందర్నీ బయటికి పంపి తలుపేసుకున్నది ఈయనే. తన విద్య తనతోనే ఉందని వయసులో మురిసిపోయాడు. ఇప్పుడు తాను తవ్వుకున్న గోతిలో తానే కూర్చున్నాడు.

చివరికి సానపట్టే పెద్ద యంత్రం కొన్నారు. అది యంత్రం అడుగున ఉండే ఇనప దిమ్మనీ, దానిమీద జారే బల్లనీ అద్దంలా తీసింది. స్టోరు చూసుకునే మేస్త్రి బావమరిది దిమ్మ మీదికి వంగి మీసం దువ్వుకున్నాడు.

"బావా, నీకు విముక్తి! ఇక కాలు మీద కాలేసుకుని కూర్చో."

"నీ నోట్లో చక్కెర పొయ్య."

నూనె పూసి బల్లను తోశారు. జానెడు జారి ఆగింది. గట్టిగా తోస్తే ఒక్క గెంతు గెంతి మళ్లీ ఆగింది. ఇంకా నున్నగా రుద్ది పెట్టారు. ఈసారి కదలనే లేదు.

"ఇంత నున్నగా ఉంటే పట్టేస్తుందేమయ్యా?" అన్నాడు యజమాని.

బావమరిది చెవిలో గొణిగాడు: "తెలీదను బావా. చచ్చినా తెలీదను."

తెలీదన్న మాట మేస్త్రి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో పెద్ద సుత్తి ఎత్తారు.

"ఆగండాగండి, కొట్టకండి! ముఖం పాడైపోతుంది!" ఆ కేక మేస్త్రి ఆపుకున్నా ఆగలేదు. తర్వాత మాటా ఆగలేదు. "గీకిన ముఖమైతే చిన్న చిన్న ఎత్తుల మీదే ఆనుతుందండీ. పల్లాల్లో నూనె నిలుస్తుంది. దీనికి పల్లాలేవీ? నూనంతా బయటికి పోయింది. ఇనుముకి ఇనుము తగిలే చోట్లు పెరిగిపోయి, ఒకదాన్నొకటి కరుచుకున్నాయి."

"మరేం చెయ్యాలి?"

"గీకాలి."

యజమాని ముఖం వెలిగింది. "అదీ! గోడవారన ఇలాంటివే ఇంకో పదకొండు దిమ్మలున్నాయి మేస్త్రీ. వారం నుంచీ తీయిస్తూనే ఉన్నాం."

"ముందు నీ నాలుక గీకించుకోవాల్సింది బావా" అన్నాడు బావమరిది. ఎవరూ నవ్వలేదు.

మేస్త్రి గోడవైపు చూశాడు. దిమ్మలు వరసగా మెరుస్తున్నాయి. లెక్కపెట్టబోయి, అయిదోదాని దగ్గర ఆగి, నీలం రంగు డబ్బా తీయడానికి ఎడమ చెయ్యి చాచాడు.